గొలుసుకు సాన పట్టించాక కోత కుడికి వంకర పోతోంది, పొట్టు పిండిలా రాలుతోంది

హొసకోట_తోట
58 సీసీ చైన్‌సా, 22 అంగుళాల బార్ (గొలుసు చుట్టూ తిరిగే పట్టీ). గొలుసు వేసి నాలుగైదు ట్యాంకుల పెట్రోలు కూడా కాలేదు. గాలివానకు పడిన రెయిన్ ట్రీ కొమ్మలు కోస్తుంటే పదును పోయింది. బజార్లో గ్రైండర్ మీద సాన పట్టించి బిగిస్తే ముందుకన్నా అధ్వానం. కోత నిలువుగా దిగకుండా కుడికి తిరుగుతోంది. పొట్టు గోధుమపిండిలా వస్తోంది. నొక్కితే తప్ప దిగదు, నొక్కితే బార్ దగ్గర పొగ. పళ్ళు వేలితో తాకి చూస్తే పదునుగానే ఉన్నాయి. కొన్నింటి కొసలు మాత్రం నీలంగా ఉన్నాయి. గొలుసు అయిపోయింది, కొత్తది వేసుకో అంటున్నారు షాపువాళ్ళు. నిజంగానే అయిపోయిందా?

రంపపుపొట్టు
ముందు నొక్కడం ఆపండి. పదునున్న గొలుసు మిషన్ బరువుకే దిగాలి. నొక్కుతూ పోతే గొలుసుతో పాటు బార్ కూడా కాలుతుంది. ఆయిల్ వస్తోందో లేదో చూశారా? పాత పేపరు పరిచి బార్ ముక్కు దానికి జానెడు ఎత్తున పట్టి ముప్పాతిక రేసు ఇవ్వండి. పేపరు మీద సన్నటి నూనె గీత పడాలి.

చిత్తూరుచింత
గ్రైండర్ అన్నావు చూడు, ఆడే తెలిసిపోయింది. రాయిని ఒక్క తూరి గట్టిగా ఆనించి పెట్టినారు, పన్ను కాలింది. ఆ నీలం అదే. దాని మీద ఆకురాయి జారతా ఉంటాది, పట్టదు. లేదంటే పట్టినా పదును నిలబడదు.

ఆకురాయి
గొలుసు పారేయకు. నీ పళ్ళు పదునుగా ఉన్నాయన్నావు, అది నిజమే అయ్యుంటుంది. అయినా ఎందుకు కోయట్లేదో చెబుతా.

పన్నును పక్క నుంచి చూడు. పై పలక ముందు ఎత్తుగా ఉంటుంది, వెనక్కి పోయేకొద్దీ వాలుతుంది. సాన పట్టినప్పుడల్లా పన్ను వెనక్కి జరుగుతుంది, అంటే పొట్టిదవడంతో పాటు ఎత్తూ తగ్గుతుంది. దాని ముందు చిన్న మూపురంలా ఒకటి ఉంటుంది కదా, రేకర్ అంటాం, అది మాత్రం అంతే ఎత్తులో నిలబడి ఉంటుంది. రేకర్ కన్నా పన్ను ఎంత పైకి ఉంటే అంత మందం చెక్క లేస్తుంది. ఆ తేడా పోతే పన్ను మంగలి కత్తిలా ఉన్నా చెక్కను గీరడమే తప్ప కోయడం ఉండదు. నీ పిండి అక్కడిది.

వంకర సంగతి కూడా ఇదే లెక్క. ఒక వైపు పళ్ళు ఎక్కువ తినేసి ఉంటారు. పొట్టి పళ్ళ వైపు తక్కువ కోస్తుంది, పొడుగు పళ్ళు తమ వైపు లాక్కుపోతాయి. కుడికి పోతోందంటే ఎడమ పళ్ళు పొట్టివై ఉండాలి. వెర్నియర్‌తో రెండు వైపులా పై పలక పొడవు కొలిచి రాయి. అన్నిటికన్నా పొట్టి పన్ను 4 మిల్లీమీటర్లకు పైన ఉంటే గొలుసుకు ఇంకా ఆయుష్షు ఉన్నట్టే.

టూస్ట్రోక్
పైదానికి ఒక మాట కలపాలి. వంకర ప్రతిసారీ గొలుసుది కాదు, బార్‌ది కూడా కావచ్చు. బార్ విప్పి, మూలమట్టం పక్కకు ఆనించి చూడండి. గాడికి అటూ ఇటూ ఉన్న అంచులు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి దిగిపోతే గొలుసు పక్కకు ఒరుగుతుంది. తేలికైన పరీక్ష: కొత్త గొలుసు వేసినా అటే తిరిగితే తప్పు బార్‌ది.

హొసకోట_తోట
కొలిచాను. ఎడమవి దాదాపు అన్నీ 6.5 మిల్లీమీటర్లు, కుడివి 8. ఆకురాయి గారు చెప్పినట్టే ఉంది. బార్ అంచులు మూలమట్టానికి సమంగానే ఉన్నాయి, కాకపోతే అంచుల బయటివైపు వేలికి గుచ్చుకునేలా గరుకుగా ఉంది. ఇంకో అనుమానం. పళ్ళు లెక్కపెడితే ఒక వైపు 22, ఇంకో వైపు 21 ఉన్నాయి. ఒకచోట ఒకే వైపు పళ్ళు రెండు వరుసగా వచ్చాయి. గొలుసే తప్పుగా అతికించారా?

మెకానిక్_కలాసిపాళ్య
తప్పు కాదు. మీ బార్‌కు 86 డ్రైవ్ లింకుల (బార్ గాడిలో దిగి నడిచే లింకులు) గొలుసు. రెండు లింకులకో పన్ను, అంటే 43. బేసి సంఖ్య కాబట్టి చుట్టు కలిసేచోట ఒకే వైపు పళ్ళు రెండు పక్కపక్కన పడతాయి. 18 అంగుళాల బార్‌కైతే 72 లింకులు, 36 పళ్ళు, వైపుకు 18 చొప్పున సరిపోతాయి. ఆ జంట పళ్ళను గుర్తుగా పెట్టుకోండి, సాన ఎక్కడ మొదలుపెట్టారో మర్చిపోరు.

బార్ అంచు గరుకు మామూలే. బల్లపరుపు ఆకురాయి నిలువుగా ఆనించి రెండు లాగులు లాగితే పోతుంది. వదిలేస్తే ఆ అంచు విరిగిపోతుంది.

వైట్‌ఫీల్డ్_పెరడు
కొత్తగా చదివేవాళ్ళ కోసం అడుగుతున్నా. ఏ సైజు ఆకురాయి కొనాలో ఎలా తెలుస్తుంది? షాపులో 4, 4.8, 5.5 మూడూ చూపించి ఏది కావాలంటున్నారు.

మెకానిక్_కలాసిపాళ్య
గొలుసు పిచ్‌ను బట్టి. పిచ్ అంటే రివెట్ల మధ్య సగటు దూరం, అంగుళాల్లో చెబుతారు. పిచ్ తెలియకపోతే వరుసగా మూడు రివెట్లు తీసుకుని మొదటిదాని మధ్య నుంచి మూడోదాని మధ్యకు కొలిచి సగం చేయండి.

చిన్న మిషన్లకు వచ్చే 3/8 పిచ్ ‘లో ప్రొఫైల్’ (ఎత్తు తక్కువ) గొలుసుకు 4 మిల్లీమీటర్లు. .325 పిచ్‌కు 4.8. పెద్ద మిషన్ల మామూలు 3/8కు 5.2 గానీ 5.5 గానీ, తయారీదారు ఏది చెబితే అది. మన బజార్లో దొరికే 58 సీసీ మిషన్లలో ఎక్కువ భాగం .325, 1.5 మిల్లీమీటర్ల గేజ్. గేజ్ అంటే డ్రైవ్ లింకు మందం, బార్ గాడి వెడల్పు దానికి సరిపోవాలి. బార్ తోక దగ్గర పిచ్, గేజ్, లింకుల సంఖ్య మూడూ చెక్కి ఉంటాయి, మసి తుడిస్తే కనిపిస్తాయి.

సన్నటి ఆకురాయి పెడితే పన్ను కొక్కెంలా లోపలికి తినేసి త్వరగా మొద్దుబారుతుంది. లావుదైతే పన్ను వెనక్కి వాలిపోయి చెక్కను పట్టదు.

నెల్లూరు2బెంగళూరు
బెంగళూరు ఎస్పీ రోడ్డు కొట్లలో ఆకురాయి అంటే అర్థం కాదు. కన్నడంలో అర. అదే మా చెన్నైవాళ్ళయితే అరం అంటారు. చైన్‌సాకు రౌండ్ అర అని చెప్పండి, లేకపోతే వడ్రంగుల మొనతేలిన గుండ్రటి ఫైలు చేతిలో పెడతారు. మనకు కావాల్సింది మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు ఉండేది.

ఆకురాయి
హొసకోట_తోట, కుడి పళ్ళను ఎడమ పళ్ళ పొడవుకు తేవాలి, అంటే 1.5 మిల్లీమీటర్లు తీయాలి. ఒక్క కూర్చోవడంలో చేతులు పడిపోతాయి, రెండు మూడు విడతలుగా చేసుకో. పని ఇలా.

ఇంజను ఆపి ప్లగ్ క్యాప్ పీకెయ్. మందం చేతిగ్లవ్స్ వేసుకో. బార్‌ను వైస్‌లో బిగించు. వైస్ లేకపోతే లావు దుంగలో ఒక కోత కోసి బార్‌ను అందులో దింపి నిలబెట్టు, అదీ కదలదు. గొలుసు కాస్త బిగుతుగా పెట్టు, వదులుగా ఉంటే పన్ను ఆకురాయి కింద ఊగుతుంది. రాసేటప్పుడు చైన్ బ్రేక్ వేసి ఉంచు, తర్వాతి పన్ను దగ్గరకు జరపడానికి మాత్రం తీయి. ముందు బ్రష్షుతో, కాస్త కిరసనాయిలుతో జిడ్డు తుడువు. జిడ్డు మీద ఆకురాయి జారుతుంది, దాని గాట్లూ పూడిపోతాయి.

ఇప్పుడు పన్ను. ఆకురాయి పంటి లోపలి నుంచి బయటికి పోవాలి, నెట్టేటప్పుడు మాత్రమే కోయాలి. వెనక్కి తెచ్చేటప్పుడు పంటిని తాకకుండా ఎత్తు. రంపం లాగినట్టు ముందుకూ వెనక్కీ ఆడిస్తే రెండు గొలుసులకే ఆకురాయి నున్నబడుతుంది. కోణం 30 డిగ్రీలు, చాలా గొలుసుల్లో పై పలక వెనకవైపు సన్నటి గీత ఉంటుంది, దానికి సమాంతరంగా పట్టు. ఎత్తు: ఆకురాయి మందంలో ఐదో వంతు పై పలక పైన కనిపించాలి. 4.8కి సుమారు ఒక మిల్లీమీటరు. అంతకన్నా కిందికి దిగితే కొక్కెం, పైకి లేస్తే మొద్దు.

ఒక్కో పంటికి మూడు నెట్లు అనుకుంటే అన్నిటికీ మూడే. ఒక వైపు మొత్తం అయ్యాక మిషన్ తిప్పి రెండో వైపు. చాలామందికి ఒక చెయ్యి బలం ఎక్కువ, అందుకే ప్రతిసారీ ఒకే వైపు పళ్ళు ఎక్కువ అరుగుతాయి. అలవాటు తెలిశాక ఆ వైపు ఒక నెట్టు తగ్గించుకోవాలి.

పదును వచ్చిందో లేదో వేలితో చూడకు, కంటితో చూడు. పన్నును ఎండకు తిప్పి అంచు చూడు. అంచు వెంట తెల్లటి వెంట్రుకలాంటి గీత మెరిస్తే అది ఇంకా మొద్దే. పదునైన అంచు మీద వెలుగు నిలవదు, గీత మాయమవుతుంది. మూల దగ్గర, పై పలక, పక్క పలక కలిసేచోట ఇంకా జాగ్రత్తగా చూడు. కోత పనిలో సగం ఆ మూలదే.

చిత్తూరుచింత
ఇంగొకటి. ఆ పై పలక మీద క్రోమియం పూత ఉండాది. పదును నిలబెట్టేది అదే. మేకు తగిలో, రాయి తగిలో అంచు దగ్గర పూత లేసిపోయుంటే ఆ భాగం అంతా పోయేదాకా రాయాల్సిందే. పూత లేని అంచుకు ఎంత పదును పెట్టినా రెండు కోతలకు పాయ.

టూస్ట్రోక్
ఆకురాయి గారితో ఒక్కచోట విభేదం. 1.5 మిల్లీమీటర్లు అనవసరంగా ఎందుకు పారేయాలి? వంకరకు అసలు కారణం పొడవు కాదు, ఎడమ పళ్ళ రేకర్లు ఎత్తుగా ఉండిపోవడం. ఏ పంటికి ఆ పంటినే కొలిచే రేకర్ గేజ్ ఉంటుంది, ఒక కొస ఆ పన్ను మీద, ఇంకో కొస ముందున్న లింకు మీద ఆనుతుంది. దానితో ప్రతి రేకర్‌ను దాని పంటికి తగ్గట్టు దించితే పొట్టి పన్ను, పొడుగు పన్ను ఒకే మందం చెక్క లేపుతాయి. గొలుసు నిటారుగానే కోస్తుంది.

ఆకురాయి
ఒప్పుకుంటా, ఆ గేజ్ ఉంటే. కానీ మన దగ్గర ఎక్కువగా దొరికేది రెండు మూడు పళ్ళ మీద పడుకునే పొడుగు పట్టీ గేజ్. అది పక్క పళ్ళ ఎత్తు మీద ఆనుకుంటుంది, కాబట్టి పళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటే కొలత తప్పు చూపిస్తుంది. ఆ గేజ్ వాడేవాడు పొడవులు సమం చేయక తప్పదు.

టూస్ట్రోక్
అది సరైన మాట. హొసకోట_తోట గారూ, మీ దగ్గర ఏ గేజ్ ఉందో చూసుకుని నిర్ణయించుకోండి.

వైట్‌ఫీల్డ్_పెరడు
రేకర్ ఎంత దించాలి? కంటి అంచనాతో రాసేస్తే సరిపోదా?

మెకానిక్_కలాసిపాళ్య
కంటి అంచనా వద్దే వద్దు. .325కు తేడా 0.65 మిల్లీమీటర్లు, అంటే ఇంచులో వెయ్యికి 25 వంతులు. గేజ్ పెట్టి, పైకి పొడుచుకొచ్చిన మేరకే బల్లపరుపు ఆకురాయితో రాయాలి. రాశాక రేకర్ ముందు మూల గుండ్రంగా చేయాలి, లేకపోతే అది చెక్కకు కొట్టుకుంటూ పోతుంది. నాలుగైదు సానలకు ఒకసారి చూస్తే చాలు.

ఎక్కువ దించితే ఇంకా ప్రమాదం. పన్ను మోయలేనంత లోతుకు కరుస్తుంది, మిషన్ కుదుపుతుంది, ఇంజను పట్టేస్తుంది. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే వెనక్కి మొహం మీదికి ఎగిరి తన్నే గుణం బాగా పెరుగుతుంది. ఎక్కువ దించిన రేకర్‌కు మందు లేదు, పళ్ళు అంత కిందికి రాసుకోవడమే.

నెల్లూరు2బెంగళూరు
టైటిల్లో గొలుసు, సాన చూసి మా ఆవిడ బంగారు కొట్టు సంగతేమో అని వచ్చి తొంగిచూసింది. రేకర్ దాకా చదివి వెళ్ళిపోయింది.

సరే, ఆయిల్ గురించి. రంపపుపొట్టు గారు మొదట్లో అడిగినదానికి జవాబు రాలేదు. బార్‌కు పాత ఇంజనాయిల్ పోయొచ్చా? చుట్టుపక్కల అందరూ అదే పోస్తున్నారు.

రంపపుపొట్టు
పోయకండి. అందులో ఇంజను అరిగిన ఇనుప రజను ఉంటుంది, కాలిన మసి ఉంటుంది. అది ఆయిల్ పంపు గుండా పోయి పంపునే అరగదీస్తుంది. పైగా అది గొలుసుకు అంటుకుని ఉండదు, బార్ ముక్కు దగ్గర తిరిగేటప్పుడు చిమ్మిపోయి బట్టల మీద, చేతుల మీద, మట్టిలో పడుతుంది. ఒంటికి మంచిది కాదది. బార్ ఆయిల్‌లో జిగురు గుణం కలుపుతారు, చిమ్మకుండా పట్టుకుని ఉండటానికే. అది దొరక్కపోతే కొత్త ఎస్‌ఏఈ 30 గానీ 40 గానీ ఇంజనాయిల్ పోయండి.

సరుగుడుతోప్పు
కొబ్బరి నూనె వాడొచ్చని ఎక్కడో విన్నాను.

రంపపుపొట్టు
24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె అది. బెంగళూరులో డిసెంబరు ఉదయాన ట్యాంకులో వెన్నలా కూర్చుంటుంది, పంపు లాగదు, గొలుసు ఎండిపోయి తిరుగుతుంది. మిగతా వంటనూనెలు గడ్డకట్టకపోయినా వారాల తరబడి వదిలేస్తే బంకలా ఎండి లింకులను పట్టేస్తాయి.

హొసకోట_తోట
పేపరు పరీక్ష చేశాను. గీత పడలేదు, అక్కడక్కడా చుక్కలు. ట్యాంకు నిండుగా ఉంది.

మెకానిక్_కలాసిపాళ్య
బార్ విప్పండి. తోక దగ్గర చిన్న బెజ్జం ఉంటుంది, నూనె అక్కణ్ణుంచే గాడిలోకి దిగాలి. పొట్టు, నూనె కలిసి ముద్దకట్టి దాన్ని మూసేసి ఉంటుంది. సన్నటి తీగతో పొడిచి, గాడి మొత్తం సన్నటి రేకుముక్కతో గీకండి. మిషన్ వైపు నూనె వచ్చే రంధ్రం కూడా తుడవండి. బార్ లేకుండా స్టార్ట్ చేసి కాస్త రేసు ఇస్తే అక్కడ నూనె ఊరుతూ కనిపించాలి. అక్కడ వస్తే అడ్డం బార్‌లో ఉన్నట్టు. అక్కడా రాకపోతే ట్యాంకులోని ఫిల్టరో పంపో చూడాలి.

తిరిగి బిగించేటప్పుడు బార్‌ను తలకిందులు చేసి వేయండి. కోత ఎక్కువగా కింది అంచు మీదే పడుతుంది కాబట్టి ఒకే వైపు అరుగుతుంది. గొలుసుకు సాన పట్టిన ప్రతిసారీ తిప్పి వేస్తే రెండంచులూ సమంగా అరుగుతాయి.

సరుగుడుతోప్పు
కొబ్బరి మాను కోసినప్పుడు ఈ అడ్డం ఇంకా త్వరగా వస్తుంది. పీచు స్ప్రాకెట్ (గొలుసును తిప్పే పళ్ళచక్రం) కవర్ లోపల తాడులా చుట్టుకుంటుంది. ట్యాంకు అయిన ప్రతిసారీ కవర్ తీసి లాగేయాలి. కొబ్బరి పదునును కూడా తినేస్తుంది, కలపలాగా కాదు.

చిత్తూరుచింత
పదును తినేదాంట్లో ఎండిన చింతను మించింది లేదు. పచ్చిమీదే కోసుకోవాల. బెంగళూరు రోడ్డు పక్క చెట్లయితే ఇంగా కష్టం. బోర్డులు కొట్టిన మేకులు, కేబుల్ వైర్లు, లైట్ల తీగలు కాండంలోనే కలిసిపోయుంటాయి. బెరడు మీద నల్లటి మచ్చగానీ బొడిపెగానీ ఉంటే జానెడు పైన కోయి.

వైట్‌ఫీల్డ్_పెరడు
రోడ్డు పక్క చెట్లు అన్నారు కాబట్టి చెబుతున్నా. 1976 కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం మన కాంపౌండులోని చెట్టు కొట్టాలన్నా ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది, మీ చెట్టు అందులో ఉందో లేదో ముందే అడగండి.

హొసకోట_తోట
నావి పడిపోయిన కొమ్మలే, అయినా అడిగి కోస్తాను. ఆయిల్ బెజ్జం పూర్తిగా మూసుకుపోయి ఉంది. పొడిస్తే నల్లటి ముద్ద వచ్చింది. ఇప్పుడు పేపరు మీద గీత పడుతోంది.

గొలుసు బిగింపు ఎంత ఉండాలి? సాన పట్టినచోట గట్టిగా బిగించి ఇచ్చారు, చేత్తో కదలట్లేదు.

ఆకురాయి
వాళ్ళు బిగించింది తప్పు. గొలుసు చల్లగా ఉన్నప్పుడు బార్ కింది అంచుకు ఆనుకుని ఉండాలి, వేలాడకూడదు. గ్లవ్స్ వేసుకుని చేత్తో లాగితే తిరగాలి. బార్ ముక్కును పైకెత్తి పట్టుకునే నట్లు బిగించాలి. ముక్కు దించి బిగిస్తే పని మొదలవగానే వదులవుతుంది. కొత్త గొలుసు త్వరగా సాగుతుంది, కాబట్టి మొదట్లో మాటిమాటికీ చూసుకోవాలి.

వేడి మీద బిగించావంటే పని అయ్యాక తప్పకుండా వదులు చెయ్యి. చల్లారి కురచబడితే క్రాంక్ షాఫ్టును, బేరింగునూ లాగి పట్టేస్తుంది.

మెకానిక్_కలాసిపాళ్య
స్ప్రాకెట్ కూడా చూడండి. డ్రైవ్ లింకులు తగిలేచోట అర మిల్లీమీటరు కన్నా లోతు గాట్లు పడితే మార్చేయాలి. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త గొలుసు వేస్తే గొలుసే పాడవుతుంది.

నెల్లూరు2బెంగళూరు
పెట్రోల్లో ఆయిల్ కలిపే లెక్క కూడా ఇక్కడే తేల్చండి. 25కి ఒకటా, 50కి ఒకటా?

టూస్ట్రోక్
మిషన్ పుస్తకంలో ఏముంటే అది. 50కి ఒకటి అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, మంచి టూ స్ట్రోక్ ఆయిల్‌కు ఆ లెక్క. 25కి ఒకటి అంటే లీటరుకు 40. ఆయిల్ ఎక్కువైతే ప్లగ్ మసిబారుతుంది, పొగ వస్తుంది, అంతే. తక్కువైతే పిస్టన్ సిలిండర్‌కు పట్టేస్తుంది. అనుమానం ఉంటే ఎక్కువ వైపే మొగ్గండి.

ఇంకా ముఖ్యం, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అందులో 20 శాతం ఇథనాల్. అది గాల్లో తేమను లాగుతుంది, నిల్వ ఉంటే నీళ్ళతో కలిసి అడుగున వేరుపడుతుంది. కార్బురేటర్ లోపలి పలచటి పొర, డయాఫ్రమ్, గట్టిబడిపోవడానికీ ఇదొక కారణం. కలిపింది నెల లోపే వాడేయండి. నెలల తరబడి పక్కన పెట్టేట్టయితే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపి పెట్టండి.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ గాలి పలచన. ఇక్కడ కార్బురేటర్ సరిచేసిన మిషన్‌ను చెన్నైకో నెల్లూరుకో తీసుకుపోతే గాలి చిక్కనై మిశ్రమం లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అవుతుంది. లీన్ మీద గంటల తరబడి కోస్తే పిస్టన్ పోతుంది. దిగువకు తీసుకెళ్తే మళ్ళీ ట్యూన్ చేయించండి.

హొసకోట_తోట
మూడు విడతలుగా కుడి పళ్ళు 6.5కి తెచ్చాను. పొడుగు పట్టీ గేజే దొరికింది కాబట్టి సమం చేయక తప్పలేదు. నీలం తిరిగిన పళ్ళు ఐదు, రెండింటి మీద ఆకురాయి జారింది. చిత్తూరుచింత చెప్పిందే. మిగతా మూడింటికి పట్టింది. రేకర్లు ఎడమవీ కుడివీ అన్నీ గేజ్‌కు పైనే ఉన్నాయి, 0.65కి దించాను.

ఈ ఉదయం అదే రెయిన్ ట్రీ దుంగ. నొక్కలేదు. మిషన్ బరువుకే దిగింది, కోత నిటారుగా ఉంది, పొట్టు వేలిగోరంత పెచ్చులుగా ఎగిరింది. పొగ లేదు.

చిత్తూరుచింత
ఆ జారిన రెండు పండ్లను అట్లే వదిలెయ్. తరువాత రెండు మూడు సానల్లో ఆ కాలిన భాగం దాటిపోతాది. 43లో రెండు కోయకపోతే ఏం గాదు.

హొసకోట_తోట
సరే అన్నా. చివరగా ఒకటి. రాత్రి షెడ్డులో పెడితే పొద్దుటికి మిషన్ కింద నూనె మడుగు. అరచెయ్యంత. ట్యాంకు పగిలిందా?

మెకానిక్_కలాసిపాళ్య
పగల్లేదు. పని అయ్యాక బార్ గాడిలో, కవర్ లోపల నిలిచిన నూనె కారుతుంది, దాదాపు అన్ని మిషన్లూ అంతే. వేడి మీద ట్యాంకులో ఒత్తిడి ఉంటే ఇంకాస్త వస్తుంది. ఆపాక నూనె మూత ఒకసారి వదులు చేసి మళ్ళీ బిగించి, కింద అట్టముక్క వేయండి. మడుగు కాకుండా ట్యాంకే ఖాళీ అవుతుంటే అప్పుడు నూనె గొట్టం చూద్దాం.